నీలం డ్రమ్ము

"గోడ మీంచి దించావు, సరే. చూసినవాళ్ళ కళ్ళలోంచి ఎలా దించుతావు?"

గిజెల్లా వంటింటి బల్ల మీదున్న ఫొటోను వేలితో పొడిచింది. చట్రానికి కట్టిన తీగ ఇంకా అలాగే ఉంది. గురువారం సాయంత్రం దాకా అది వీధి మూల కాఫీ హోటలు గోడకి, గిజెల్లా కోడలు బొరోకా శిష్యులు తీసిన మరో పందొమ్మిది ఫొటోల మధ్య వేలాడింది. మార్కెట్ ఆఫీసు ఆవిడ వైన్ గ్లాసు పట్టుకుని వచ్చింది. ఒక్కో ఫొటో ముందూ ఒక్కో నిమిషం నిలబడింది. దీని ముందు మాత్రం గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.

శుక్రవారం కాగితం వచ్చింది. సోమవారం ఉదయం ఏడింటికి కొట్టు తనిఖీ.

ఇవాళ ఆదివారం.

"నేను వెలుగు చూశాను అత్తయ్యా," అంది బొరోకా. కోటు తొడుక్కునే ఉంది, మెడలో కెమెరా. కింద వాకిట్లో ఎనిమిది మంది ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. "పొద్దుటి ఎండ హాలు పై అద్దాల్లోంచి ఏటవాలుగా దిగి, మీ సీసాల్లో దూరింది. ఆ ముఖాలన్నీ దీపాల్లా వెలిగాయి. ఇరవై ఫొటోల్లో అంతకన్నా మంచిది లేదు."

"వెలుగు చూశావు. డ్రమ్ము చూడలేదు."

"చూడలేదు."

నిజానికి ఫొటో చాలా బాగుంది. గిజెల్లా కూడా కాదనలేదు. ఆమె ఊరగాయ సీసాలంటే బుడాపెస్ట్‌లో కెమెరా ఉన్న ప్రతివాడికీ మోజే. ఎర్ర మిరపకాయ ముక్క నోరు, చిన్న ఉల్లిపాయలు కళ్ళు, తురిమిన క్యాబేజీ జుట్టు. సీసా సీసాకీ ఒక ముఖం నవ్వుతుంటుంది. ఫొటోలో అలాంటి ముఖాలు ముప్ఫై ఉన్నాయి. వాటి వెనక, చీకటి మూలలో, ఆమె కొడుకు బెర్తలన్ వంగి నీలం ప్లాస్టిక్ డ్రమ్ములోంచి పులిసిన క్యాబేజీని చెక్క పీపాలోకి వంపుతున్నాడు. డ్రమ్ము మీద ఫ్యాక్టరీ కాగితం. అక్షరాలు చక్కగా చదవొచ్చు.

"ఎనిమిదేళ్ళుగా జనానికి ఫొటోలు తీయడం నేర్పుతున్నావు. నొక్కే ముందు నాలుగు మూలలూ చూసుకోండని నువ్వే చెబుతావట కదా!"

"చెబుతాను."

"మరి?"

"పరాయివాళ్ళ మూలలు చూస్తాను. మనింటి మూల వెతకాలని నాకేం తెలుసు?"

ఆ మాట గిజెల్లాకి గుచ్చుకుంది. కాని దాన్ని బయటపెట్టడం బేరంలో మొదటి తప్పు. బల్ల మీదికి వంగి ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టింది.

ఆ మార్కెట్ హాలు చివర్న పన్నెండు బల్లలు ప్రత్యేకం. సొంత పొలంలో పండించి, సొంత చేత్తో ఊరవేసినవాళ్ళకే అవి ఇస్తారు. బల్ల మీద సొంత పంట పలక వేలాడుతుంది. బయట కొని తెచ్చి అమ్మేవాళ్ళకి వేరే వరసలున్నాయి. అక్కడ ఎవరు ఏం అమ్మినా ఎవరూ అడగరు. పలక కింద మాత్రం తెలిసి ఒక్క పిడికెడు కొన్న సరుకు అమ్మినా పలక పోతుంది. గిజెల్లా మొగుడు లోరింత్స్, వెచేష్ ఊళ్ళోని పొలం చూపించి ఆ పలక తెచ్చాడు. ఆయన పోయాక అది ఆమె పేరు మీదికి వచ్చింది. ఇరవై ఆరేళ్ళు. సరుకు చెడితే పారబోసి కొత్తది తెచ్చుకోవచ్చు. పేరు చెడితే పారబోద్దామన్నా తీసుకెళ్ళేవాడుండడు.

"ఒంటిగంటకి అందర్నీ పైకి తీసుకొస్తాను," అంది బొరోకా తలుపు దగ్గర. ఆమె ఫొటో యాత్రలు ఎప్పుడూ అంతే. శనివారం మార్కెట్, ఆదివారం పాత ఇళ్ళ మెట్లూ వాకిళ్ళూ, చివర్న గిజెల్లా చేతి భోజనం. "వంట ఉంటుందా?"

"మాటిచ్చిన వంట నేనెప్పుడైనా ఎగ్గొట్టానా?"

"లేదు." బొరోకా గడియ మీద చెయ్యి వేసి ఆగింది. "ఏ క్యాబేజీతో అత్తయ్యా?"

గిజెల్లా తలెత్తలేదు. తలుపు మూసుకుంది.

*

ఆ ఇల్లు గుట్టు దాచుకునేందుకు కట్టింది కాదు. నాలుగు అంతస్తులు, నడుమ వాకిలి, ప్రతి అంతస్తు చుట్టూ ఇనప కటకటాల వరండా. ప్రతివాళ్ళ వంటింటి తలుపూ ఆ వరండాలోకే తెరుచుకుంటుంది. మూడో అంతస్తులో పాలు పొంగితే కింద కుక్క మొరుగుతుంది.

బెర్తలన్ పొలం నుంచి వచ్చి, బుట్ట గుమ్మం పక్కన దింపి, కటకటాలకి ఆనుకుని సిగరెట్ ముట్టించాడు. నలభై ఏళ్ళవాడు. భుజాలు తండ్రివి, మౌనం కూడా తండ్రిదే. గిజెల్లా తడిచేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"మూడు రోజులుగా నాకు దొరక్కుండా తిరుగుతున్నావు. ఇప్పుడు చెప్పు. ఎప్పట్నించి?"

"నీకు జ్వరం వచ్చిన ఏడాది నుంచి."

"రెండేళ్ళు!"

"రెండు పంటలు. ఇది మూడోది."

"ఎందుకురా? పొలం లేదా? క్యాబేజీ పండలేదా? మీ నాన్న వడగళ్ళ ఏడాది కూడా పక్కవాడి గడ్డ ముట్టుకోలేదు!"

"పండింది. ఉప్పు నువ్వు వేశావు."

కింద వాకిట్లో బొరోకా గొంతు వినిపించింది. "పైకి చూడండి. నాలుగు వరండాల గీతలు ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. తొందరపడకండి, మనిషి దొరికితే ఇంకా మంచిది."

మనుషులు దొరికారు. ఎనిమిది కెమెరాలు పైకి లేచాయి.

బెర్తలన్ గొంతు తగ్గించాడు. "ఆరు పీపాలకీ నువ్వే వేశావు. ఎప్పట్లాగే తూచకుండా, నాలుక మీద వేసుకుని చూసి. మూడో వారానికి మూత తీస్తే జిగురు. గులాబీ రంగు. నువ్వు డాక్టరు దగ్గరికెళ్ళిన రోజున ఆరూ కాలవలో పోశాను."

"నన్నడగొచ్చుగా?"

"ఏమని అడగను? అమ్మా, నీ నాలుక చచ్చిపోయిందా అని?"

ఎదుటి వరండాలో ఇలుష్ తలుపు తెరుచుకుంది. ఎనభై రెండేళ్ళ ముసలామె. జెరేనియం కుండీలకి నీళ్ళు పోసే వంకతో రోజుకి పదిసార్లు బయటికొస్తుంది.

"ఏమే గిజీ! నోరు మూసుకుని తిట్టు, కింద ఫొటోలు తీస్తున్నారు. పన్ను ఊడిన చోటు పడుతుంది!"

"నీ కుండీలు చూసుకో ఇలుష్!"

"కుండీలు ఎక్కడికీ పోవు. మీ ఇంట్లో ఏం పోయిందో చెప్పు."

గిజెల్లా కొడుకుని మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాగి తలుపు వేసింది. తలుపు వేసినంత మాత్రాన ఆ ఇంట్లో మాట లోపలుండదు. కాని వేయకపోతే సిగ్గు లేదంటారు.

"నా నాలుకకేం కాలేదు," అంది.

బెర్తలన్ పొయ్యి మీదున్న చిన్న గిన్నె మూత తీశాడు. ఉడికిన క్యాబేజీ తురుము ఫోర్కుతో తీసి ఆమెకి అందించాడు.

"ఉప్పు ఎంతుందో చెప్పు."

ఆమె నమిలింది. నోట్లో తడిసిన కాగితం. రెండేళ్ళుగా అంతే, మాంసమైనా కాగితమే, తేనైనా కాగితమే. అయినా కొట్టు ఆగలేదు. ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. పీపాలోంచి ఫోర్కు నిండా తీసి కొనేవాళ్ళకి ఇస్తుంది. వాళ్ళు నములుతుంటే కనుబొమలు చూస్తుంది. కనుబొమ లేస్తే పులుపు బాగుంది. పెదవి ముడుచుకుంటే ఉప్పెక్కువ. ఆ పాఠంతో పన్నెండు బల్లల్లో అందరికన్నా ముందు ఆమె పీపాలే ఖాళీ అయ్యేవి.

ఇప్పుడు కొడుకు ముఖం చూసింది. అది మూసేసిన దుకాణంలా ఉంది.

"సరిపోయింది," అంది. "పులుపు కొంచెం తగ్గింది."

"అది పచ్చి క్యాబేజీ అమ్మా. పొద్దున పొలానికెళ్ళే ముందు ఉత్త నీళ్ళలో ఉడికించాను. ఉప్పూ లేదు, పులుపూ లేదు."

కింద ఎవరో మెట్ల దగ్గర కెమెరా ముక్కాలి స్టాండు విప్పుతున్న లోహపు శబ్దం.

గిజెల్లా ఫోర్కు కడిగింది. రెండోసారి కూడా కడిగింది.

"నీకెప్పుడూ అనుమానమే రాలేదా?" అడిగాడు బెర్తలన్. ఆ గొంతులో నింద లేదు. అదే కష్టంగా ఉంది. "జ్వరంతో నాలుక పోయాక కూడా జనం వరసగా మెచ్చుకుంటుంటే?"

"రాలేదు."

సరుకు వేయకముందే తక్కెడ వాలినంత తొందరగా వచ్చింది ఆ మాట. బెర్తలన్ అది గమనించలేదు. అతనికి తల్లి మాటని తూచే అలవాటు లేదు.

*

ఊరిన క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టడానికి ఇద్దరూ కూర్చున్నారు. ఎంత పోట్లాట జరిగినా ఒంటిగంటకి ఎనిమిది పళ్ళాలు నిండాలి. బెర్తలన్ ఒక్కో ఆకు ఈనె చెక్కుతున్నాడు. గిజెల్లా బియ్యం కలిపిన పంది మాంసం ముద్ద పెట్టి చుడుతోంది. ఆ ఆకులు ఎక్కణ్ణించి వచ్చాయో ఇద్దరికీ తెలుసు.

"రేపు ఆవిడ మొదట ఏమడుగుతుంది?" అంది గిజెల్లా.

"నీకు తెలుసా అని."

"తెలుసంటే?"

"పలక తీసేస్తారు. తెలిసే మోసం చేశావని నీ పేరు రాస్తారు. నన్ను నీ కింద పనివాడని వదిలేస్తారు."

"తెలియదంటే?"

"హెచ్చరిక రాసి వదిలేస్తారు. పలక ఉంటుంది." మరో ఆకు తీసుకున్నాడు. "మోసం చేసినవాడిగా నా పేరు రాస్తారు. ఈ నగరంలో ఏ మార్కెట్లోనూ మళ్ళీ బల్ల వెనక నిలబడనివ్వరు."

గిజెల్లా చుట్ట చివర్లు బొటనవేలితో లోపలికి నొక్కింది. "నేను మిగిలితే ఇల్లు మిగులుతుంది. పలక పోతే ఏం మిగులుతుంది? ఒక పీపా చెడితే పక్క పీపాని కాపాడుకుంటాం గాని, రెండూ తెరిచిపెట్టుకుని కూర్చోం."

"చెడిన పీపాని నేనా?"

"మాట వరసకన్నాను."

"వరస బాగానే ఉంది." బెర్తలన్ కత్తి ఒత్తి తుడిచి పక్కన పెట్టాడు. "చెప్పు, తెలియదనే చెప్పు. నిజమే కదా! నిజం చెప్పడానికి నన్నడగడమెందుకు?"

"బొరోకా ఏమంటుందో?"

"దాని సంగతి నేను చూసుకుంటాను."

"నువ్వు చూసుకోగలిగితే అది ఫొటో గోడకెక్కించేదా?"

"అమ్మా." ఒక్క మాటే అన్నాడు. ఆమె ఆపేసింది.

చుట్టలన్నీ కుండలో పేర్చాక, పైన ఎర్ర మిరపపొడి పోసిన కొవ్వు కాగుతుంటే, గిజెల్లా అలవాటు కొద్దీ గరిటె నోటి దాకా తీసుకెళ్ళింది. కొడుకు చూస్తున్నాడని మళ్ళీ దించింది.

*

ఒంటిగంటకి ఎనిమిది మందీ మూడు అంతస్తులూ ఎక్కి ఒగర్చుకుంటూ వచ్చారు. భోజనం బల్ల మీద కాక కిటికీ దగ్గర పెట్టమన్నారు, వెలుగు కోసం. పళ్ళాన్ని ఒకరు కుడికి తిప్పితే ఇంకొకరు ఎడమకి తిప్పారు. సెగెద్ నుంచి వచ్చిన దంతవైద్యుడు బూట్లు విప్పి కుర్చీ ఎక్కాడు.

"ఎవరూ ముట్టుకోకండి! మీగడ కారేటప్పుడు నాకు కావాలి!"

"ఇదేమన్నా శవమా, చుట్టూ చేరి చూసి వెళ్ళడానికి?" అంది గిజెల్లా. "చల్లారితే కొవ్వు పేరుకుంటుంది. దిగండి డాక్టరుగారూ, మీ సాక్సుకి చిల్లుంది, అది కూడా ఫొటోలో పడుతుంది."

అందరూ నవ్వారు. నవ్వించడం ఆమెకి వృత్తి. కాని ఆ వాకిట్లోనే ఆమె అరుపులు కెమెరాల్లోకి ఎక్కించుకున్న మనుషులు వీళ్ళు. నవ్వు ఆగాక ఒక్కొక్కరూ పళ్ళెంలోకే చూశారు.

తిన్నారు. గిజెల్లా కనుబొమలు చూసింది. ఎనిమిది జతల్లో ఏడు లేచాయి.

"ఇదీ రుచి అంటే!" అన్నాడు దంతవైద్యుడు. "మా అమ్మమ్మ పీపాలో ఉండేది ఈ పులుపు. ఫ్యాక్టరీవాళ్ళు తలకిందులుగా నిలబడినా రాదు!"

బెర్తలన్ అందరి గ్లాసుల్లో సోడా పోస్తున్నాడు. ఒక్క చుక్క బయటపడలేదు. బొరోకా చెంచా కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూసింది.

లేవని కనుబొమలు కోర్నేలియావి. ఎగెర్‌లో భూగోళం చెప్పి రిటైరైన పంతులమ్మ. ఈ యాత్రకి రావడం ఆమెకిది రెండోసారి. మొదటిసారి మార్చిలో వచ్చింది. సీసాల ముఖాల ఫొటో ఆమె తీసిందే. పళ్ళెంలో చుట్ట అలాగే ఉంది.

కాఫీకి మిగతావాళ్ళు వరండాలోకి వెళ్ళారు. మెట్ల పలకల మీద నీడలు పొడవవుతున్నాయని ఎవరో అంటే, కప్పులు చేతుల్లో పట్టుకునే పరిగెత్తారు. కోర్నేలియా లేవలేదు.

"గిజెల్లా గారూ, మీ ఇంట్లో నేనీ ముద్ద తినలేను," అంది. "మీ వంట బాగాలేక కాదు. నా వల్ల కాదా ఇదంతా?"

"ఫొటో తీయడం తప్పా? గోడకి పెట్టడం తప్పు." గిజెల్లా కోడలి వైపు చూడకుండానే అంది.

బొరోకా కోర్నేలియానే చూస్తోంది. "ఏమైంది టీచరుగారూ?"

"నిన్న నాకు మార్కెట్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఉదయం కొట్టులో తీసినవన్నీ, మార్చకుండా, ఇవాళ రాత్రి లోపు పంపమన్నారు. మొత్తం ఏడు." కెమెరా తీసి బల్ల మీద పెట్టింది. "పంపేముందు మీకు చూపించకపోతే మనిషితనం కాదనిపించింది."

బెర్తలన్ సోడా సీసా పెట్టి వచ్చి వెనక నిలబడ్డాడు. కోర్నేలియా ఒక్కొక్కటే జరిపింది. సీసాలు. సీసాలు, డ్రమ్ము. డ్రమ్ము, బెర్తలన్ వీపు. బెర్తలన్ చేతులు. ఆరింటిలోనూ కొత్తగా ఏమీ లేదు. గిజెల్లా ఊపిరి కొంచెం వదులైంది.

ఏడోది వచ్చింది.

కోర్నేలియా అప్పుడు రెండడుగులు వెనక్కి వేసినట్టుంది. కొట్టంతా పట్టింది. ఇనప స్తంభం పట్టింది. స్తంభం పక్కన గిజెల్లా. ఏప్రన్ జేబుల్లో చేతులు పెట్టుకుని, కదలకుండా, తిన్నగా నీలం డ్రమ్ము వైపే చూస్తూ. ముఖం మీద ఎండ పడింది. కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు.



గిజెల్లాకి ఆ ఉదయం బాగా గుర్తుంది. గుర్తు లేకపోవడమనేది ఎప్పుడూ లేదు, దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే జరిగింది. స్తంభం దగ్గర నిలబడింది, పీపా సగం నిండేంతసేపు. తర్వాత మెట్ల దాకా వెనక్కి వెళ్ళి, తాళాలగుత్తి కావాలనే కింద పడేసింది, వాడికి వినిపించేలా. చప్పుడు చేసుకుంటూ వచ్చి, డ్రమ్ము చూసి, "ఉప్పునీళ్ళు తెచ్చావా?" అని అడిగింది. వాడు తడబడి అవునన్నాడు. ఆ అబద్ధం వాడిది కాదు. ఆమే వండి వాడి నోట్లో పెట్టింది.

"నీకు తెలుసు," అన్నాడు బెర్తలన్.

"ఒరేయ్..."

"రెండేళ్ళుగా నిద్ర లేదు నాకు. నీకు తెలిస్తే గుండె ఆగిపోతుందని. తెల్లారకుండా వెళ్ళి, ఎవరూ రాకముందు వంపి, డ్రమ్ములు కడిగి..." ఆగాడు. "పొద్దున వరండాలో మీ నాన్న ముట్టుకోలేదురా అన్నావు. అందరూ వింటుండగా. చెడిన పీపా అన్నావు."

"ఇంటికోసం అన్నాను."

"నిన్ను నమ్మి సరే అన్నాను కదమ్మా!"

కోర్నేలియా గొంతు సవరించుకుంది. సంచిలోంచి చిన్న కాగితం తీసింది. బొరోకా యాత్రల్లో ప్రతివాళ్ళ దగ్గరా ఉండే కాగితమే. ఎవరి ముఖం తీస్తే వాళ్ళచేత సంతకం చేయించుకోవాలి, ఒప్పుకోకపోతే ఆ ఫొటో ఎవరికీ ఇవ్వకూడదు. ఈ దేశంలో చట్టమూ అంతే, బొరోకా పట్టుదలా అంతే.

"మార్చిలో మీ అబ్బాయి సంతకం పెట్టాడు. నవ్వుతూ పెట్టాడు పాపం. మీరు ఫొటోలో పడ్డారని నేను ఇంటికెళ్ళాక గాని చూసుకోలేదు. మీ ఒప్పుకోలు నా దగ్గర లేదు. మీరు సంతకం పెడితే ఏడూ పంపుతాను. పెట్టకపోతే ఆరు పంపి, దీన్ని మీ ముందే చెరిపేస్తాను. ఆరింటికి నా రైలు."

కలం కాగితం మీద పెట్టింది.

"చెరిపేయండి," అన్నాడు బెర్తలన్.

"ఎందుకు?" అంది బొరోకా.

"మా అమ్మ."

"నేనెవర్ని?"

"ఇప్పుడా మాట వద్దు."

"ఎప్పుడు? నీ పేరు రాశాకా? నువ్వు నలభై ఏళ్ళకి గోడౌన్‌లో పెట్టెలు మోస్తుంటే అప్పుడా?" ఆమె గొంతు పెంచలేదు. వరండాలో మనుషులున్నారు. "ఆ ఫొటో గోడకెక్కించిన తప్పు నాదే. మూడు రోజులుగా తిట్లు తిన్నాను, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నావల్ల మీ పేరు పోయిందని ఏడ్చాను అత్తయ్యా, మీ గది గోడకి అవతల పడుకుని. మీకు వినిపించే ఉంటుంది."

వినిపించింది. గిజెల్లా ఆ మాట చెప్పలేదు.

కాగితం వైపు చూసింది. జీవితమంతా ఎదుటివాడికి ఎంత అవసరమో కనిపెట్టి, అంతకి బేరం కుదిర్చిన మనిషి. ఇక్కడ ఎదుటివాళ్ళిద్దరికీ ఏం కావాలో తెలుసు. ఒకడికి తల్లి కావాలి, ఒకతెకి మొగుడు కావాలి. తనకి పలక కావాలి. మూడూ ఒక్క సంచిలో పట్టవు.

"సంతకం పెట్టకపోతే ఏమవుతుంది?" అంది చివరికి.

"మీకా?" అంది బొరోకా. "మీకేమీ కాదు అత్తయ్యా."

వరండాలోంచి దంతవైద్యుడి కేక వచ్చింది. "గిజెల్లా గారూ! మీరూ రండి, అందరం కలిసి ఒకటి! ఎండ పోతోంది!"

బెర్తలన్ ముందుకు వంగి, కాగితం మీదున్న కలం తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తల్లి వైపు చూడలేదు. "ఆరూ పంపండి టీచరుగారూ," అని, కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. మెట్ల మీద అతని అడుగులు మూడు అంతస్తులూ వినిపించాయి. కింద ఎవరో అతన్ని కొంచెం పక్కకి జరగమన్నారు, నీడ పడుతోందట.

బొరోకా కెమెరా సంచి జిప్పు తెరిచింది. తన కలం తీసి, మూత ఊడదీసి, అదే చోట పెట్టింది.

"ఆరింటి దాకా పెట్టె సర్దుకుంటూ ఉంటాను," అంది. "కోర్నేలియా గారి రైల్లో ఇంకో సీటు ఉంటే, నేనూ వెళ్తాను. ఉండాలో వెళ్ళాలో మీరే చెప్పండి."

లోపలి గది తలుపు మూసుకుంది. అలమరా తెరిచిన చప్పుడైంది.

గిజెల్లా ముందు కాగితం ఉంది. కలం ఉంది. తనకి తెలియదని చెబితే నమ్మడానికి ఆ ఇంట్లో ఇక ఎవరూ లేరు.